టైప్ 1 షుగరు ఉన్న పాపకు జ్వరం, వాంతులు వస్తే రక్తంలో ఆమ్లం పెరగకుండా ఇంట్లో ఏం చేయాలి?

చిన్నితల్లి_కాకినాడ

అందరికీ నమస్కారమండీ. పాపకు 11 ఏళ్ళు, బరువు 32 కిలోలు, టైప్ 1 షుగరు. రాత్రి తొమ్మిదింటికి గ్లార్జిన్ పెన్నుతో 12 యూనిట్లు వేస్తాం. మూడు పూటలా తిండికి అరగంట ముందు ప్లెయిన్ ఇన్సులిన్ 40 వయల్ నుంచి సిరంజితో 6, 5, 5. రోజు మొత్తం మీద 28 యూనిట్లు. మామూలు రోజుల్లో షుగరు అదుపులోనే ఉంటుంది.

వానలు మొదలయ్యాయి. బళ్ళో సగం మంది పిల్లలకు జ్వరాలు, విరేచనాలు. ఒంట్లో బాగోనప్పుడే రక్తంలో ఆమ్లం పెరిగి డీకేఏలోకి (డయాబెటిక్ కీటో అసిడోసిస్) వెళ్ళిపోతారని డాక్టరు గారు హెచ్చరించారు. ఓపీ రద్దీలో అంతకుమించి అడిగే వీలు లేకపోయింది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పిల్ల ఏమీ తినకపోతే ఇన్సులిన్ ఆపేయాలా, తగ్గించాలా? "తిండి లేకుండా సూది వేస్తే పడిపోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా అంటున్నారు. కీటోన్లు ఇంట్లో చూసుకోవడం ఎలా, ఎంత ఉంటే భయపడాలి? తాగడానికి ఏమివ్వాలి? ఏ దశలో ఇక ఇంట్లో ఆగకూడదు?

పిల్లలవార్డు_సిస్టర్

అమ్మా, మీ మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పిల్లలు ప్రమాదంలో పడతారు. అందుకే దాన్ని కొంచెం సాగదీసి చెబుతాను.

గ్లార్జిన్ ఏ రోజూ ఆపకూడదు. పిల్ల అన్నం మెతుకు ముట్టకపోయినా సరే. తిండికి ముందు వేసే ప్లెయిన్ ఇన్సులిన్ ఆ పూట తిండి కోసం, గ్లార్జిన్ తిండితో సంబంధం లేకుండా ఇరవై నాలుగు గంటలూ శరీరానికి కావాల్సింది. అది లేకపోతే శరీరం కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, కాలేయం ఆ కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది. కీటోన్లలో ముఖ్యమైనవి రెండూ ఆమ్లాలే. రక్తంలో ఉన్న బైకార్బనేట్ వాటిని కొంతసేపు సర్దుతుంది. అది తరిగిపోయాక, 7.35 నుంచి 7.45 మధ్య ఉండాల్సిన రక్తపు పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 7.3 కిందికి జారుతుంది. డీకేఏ అంటే అదే.

జ్వరం వస్తే కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్‌కి అడ్డం పడతాయి. అందుకని తినకపోయినా ఇన్సులిన్ అవసరం తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. పెద్దవాళ్ళ భయం అర్థం లేనిది కాదు. వాంతులు విరేచనాలప్పుడు కొందరు పిల్లలకు షుగరు నిజంగానే పడిపోతుంది. అప్పుడు చేయాల్సింది తీపి తాగించడం, పూట ఇన్సులిన్ తగ్గించడం. గ్లార్జిన్‌ని డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఓ ఇరవై శాతం తగ్గిస్తారేమో గానీ సున్నా చేయరు.

ఒంట్లో బాగోలేదని తెలిసిన క్షణం నుంచి షుగరు మూడు గంటలకోసారి చూడాలి, రాత్రి కూడా. కీటోన్లు నాలుగు గంటలకోసారి. షుగరు మామూలుగా ఉన్నా సరే, వాంతి అయితే కీటోన్ చూసి తీరాలి. అన్నీ టైముతో సహా ఒక కాగితం మీద రాయండి. రేపు ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే డాక్టరు ముందు అడిగేది ఆ కాగితమే.

ఇప్పుడు కీటోన్లు. రక్తంలో చూసే మీటరు దొరికితే అదే మేలు. 0.6 లోపు మామూలు. 0.6 నుంచి 1.5 వరకు జాగ్రత్తపడాలి. 1.5 నుంచి 3 వరకు డీకేఏ దగ్గరపడుతోందని అర్థం. 3 దాటితే ఆసుపత్రే. ఆ స్ట్రిప్పులు ఖరీదు, అన్ని ఊళ్ళలో దొరకవు కాబట్టి మనలో ఎక్కువమందికి మూత్రం స్ట్రిప్పులే గతి. వాటిమీద 15 అంటే కొద్దిగా, 40 అంటే మధ్యస్థం, 80 ఆపైన అంటే ఎక్కువ. ఈ మూడింటినీ పై రక్తం అంకెలకు సుమారుగా సరిపోల్చుకోవచ్చు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మూత్రం స్ట్రిప్పు రెండు ఆమ్లాల్లో ఒక్కదాన్నే, అసిటో అసిటేట్‌నే పట్టుకుంటుంది. డీకేఏలో ఎక్కువగా పేరుకునేది రెండోది, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్. అందుకే మొదట్లో స్ట్రిప్పు తక్కువ చూపిస్తుంది. వైద్యం మొదలై పిల్ల తేరుకుంటున్నప్పుడు ఆ రెండోది మొదటిదానిగా మారుతుంది కాబట్టి ఇంకా కొన్ని గంటలపాటు ముదురు రంగే వస్తుంది. అది చూసి కంగారుపడి ఇన్సులిన్ మీద ఇన్సులిన్ వేయకూడదు. ఇంకొకటి, రాత్రంతా మూత్రాశయంలో నిలిచిన మూత్రం పాత సంగతి చెబుతుంది. ఒకసారి పోయించి, అరగంటాగి మళ్ళీ పోసినదాంట్లో ముంచితే ఇప్పటి సంగతి తెలుస్తుంది.

అదనపు ఇన్సులిన్ లెక్క మీ పాపకు ఇలా వస్తుంది. ముందే మీ డాక్టరుకు చూపించి, ఆయన చేత్తో రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోండి. షుగరు 250 పైన ఉండి కీటోన్లు మధ్యస్థంగా ఉంటే, వేయాల్సిన మామూలు డోసుకు తోడు రోజు మొత్తంలో పదో వంతు, అంటే సుమారు 3 యూనిట్ల ప్లెయిన్. కిలోకి 0.1 యూనిట్ చొప్పున లెక్కేసినా 32 కిలోలకు అదే వస్తుంది. ఎక్కువ ఉంటే ఐదో వంతు దాకా, అంటే 5 యూనిట్లు వేసి, ఆసుపత్రికి బయల్దేరడమే. ప్లెయిన్ ప్రభావం ఆరేడు గంటలు ఉంటుంది కనుక నాలుగు గంటలు కాకుండా రెండో అదనపు డోసు వేయొద్దు. రెండు అదనపు డోసులకీ కీటోన్లు దిగకపోతే మూడోది ఇంట్లో వేసేది కాదు.

షుగరు 180 కన్నా తక్కువ ఉండి కీటోన్లు కనిపిస్తే వరస మారుతుంది. ముందు తీపి, తర్వాత ఇన్సులిన్. ఇక్కడ తీపి లేకుండా అదనపు ఇన్సులిన్ వేస్తే పెద్దవాళ్ళు భయపడుతున్నదే జరుగుతుంది.

తాగడానికి గంటకు కిలోకి 4 నుంచి 6 మిల్లీలీటర్లు, మీ పాపకు గంటకు ఓ 130 నుంచి 190. షుగరు 250 పైన ఉంటే నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. 180 కన్నా తక్కువైతే కొబ్బరినీళ్ళు, చక్కెర వేసిన సగ్గుబియ్యం జావ, గ్లూకోజు నీళ్ళు. మధ్యలో ఉంటే పల్చటి గంజి. షుగరు 70 కిందికి వస్తే మూడు చెంచాల గ్లూకోజు పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి వెంటనే తాగించి పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. వాంతులవుతుంటే గ్లాసు నోటికి పెట్టకండి. చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి. గ్లాసు నిండా పట్టిస్తే పొట్ట సాగి మొత్తం బయటికొస్తుంది, తాగించిన లెక్క కూడా పోతుంది.

విరేచనాలుంటే ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. సగం ప్యాకెట్ కలపడం, అందాజుగా నీళ్ళు పోయడం వద్దు. డబ్ల్యూహెచ్‌ఓ ఓఆర్‌ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే, 200 మిల్లీలీటర్లలో మూడు గ్రాములు కూడా రాదు. కాబట్టి షుగరు ఎక్కువున్నా ఇవ్వచ్చు. అదే కారణంగా షుగరు పడిపోయినప్పుడు దాన్ని పైకి లేపడానికి ఓఆర్‌ఎస్ పనికిరాదు. అట్టపెట్టెల్లో వచ్చే పళ్ళరుచి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపించవచ్చు, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని చూసి కొనండి.

ఇంట్లో ఆగకూడని గుర్తులు: రెండు గంటల్లో రెండుకన్నా ఎక్కువ వాంతులు, కీటోన్ 3 లేదా స్ట్రిప్పు మీద 80, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోట్లోంచి గోళ్ళరంగు తుడిచే మందు వాసన, విడవని కడుపునొప్పి, మత్తుగా పడుకుని పిలిస్తే సరిగా పలకకపోవడం, ఎంత తాగించినా షుగరు 70 పైన నిలవకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. పగలా రాత్రా అని చూడొద్దు.

ఫార్మసీ_గుంటూరు

సిస్టర్ గారు చెప్పినదానికి మందులషాపు వైపు నుంచి కొన్ని కలుపుతాను. జ్వరం లేకుండానే ఆమ్లం పెరిగిన కేసుల్లో చాలావాటి మూలం సిరంజిలోనో సీసాలోనో దొరుకుతుంది.

మూత్రం స్ట్రిప్పు అడిగితే షాపులో చేతికందింది ఇచ్చేస్తారు. యూరిస్టిక్స్ అంటే గ్లూకోజు, ప్రొటీన్ చూసేది, దాంట్లో కీటోన్ గడి ఉండదు. డయాస్టిక్స్ గ్లూకోజు ఒక్కటే. మీకు కావాల్సింది కీటోస్టిక్స్ గానీ, రెండూ చూసే కీటో డయాస్టిక్స్ గానీ. డబ్బా పక్కనున్న రంగుల పట్టీ మీద కీటోన్ అన్న వరస ఉందో లేదో షాపులోనే చూసుకోండి. వాడేటప్పుడు ముంచి తీసి, అంచు డబ్బాకు తాటించి అదనపు చుక్క రాల్చి, సరిగ్గా 15 సెకన్లకు కీటోన్ గడి చదవాలి. లేత గోధుమరంగు నుంచి గులాబీ, అక్కణ్ణుంచి ముదురు వంకాయరంగు దాకా వెళ్తుంది. రెండు నిమిషాలాగి చూస్తే అన్నీ ముదురుగానే కనిపిస్తాయి. గ్లూకోజు గడికి 30 సెకన్లు. మూత తీసిన డబ్బా ఆరు నెలలే, తీసిన తేదీ పెన్నుతో రాయండి. కాకినాడలాంటి సముద్రపు గాలిలో మూత సరిగ్గా పెట్టకపోతే ఆలోపే పాడై, ఉన్న కీటోన్‌ని కూడా లేనట్టు చూపిస్తుంది.

రెండోది సిరంజి. మీ ప్లెయిన్ 40 వయల్, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్రమూత సిరంజే, మీద 40 అని ఉండాలి. నారింజమూతది 100 సిరంజి. 40 వయల్ నుంచి నారింజమూత సిరంజితో 10 గీతదాకా లాగితే లోపలికి పోయేది 4 యూనిట్లే. అలా రెండు రోజులు సాగితే జ్వరమూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు, కీటోన్లు వచ్చేస్తాయి. తిరగేస్తే ఇంకా ఘోరం. పెన్ను పాడైందని 100 బలం ఉన్న గ్లార్జిన్ కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్రమూత సిరంజితో 10 గీత లాగితే 25 యూనిట్లు పోతాయి. మీ ఇంట్లో రెండు బలాల ఇన్సులిన్లూ ఉన్నాయి కాబట్టి ఈ మాట రెండుసార్లు చదవండి. ఒకవేళ సిరంజితో తీయాల్సి వస్తే 100 సిరంజి ఒకటి విడిగా, పెన్ను డబ్బాలోనే పెట్టుకోండి. గ్లార్జిన్‌ని ప్లెయిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు.

పెన్నుతో వేసే ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి సూది కొనన చుక్క వచ్చిందో చూడాలి. మీట పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి అప్పుడు తీయాలి. వెంటనే లాగేస్తే చర్మం మీద తడి మిగులుతుంది, అది లోపలికి పోని డోసు. పొట్ట మీద గానీ తొడ మీద గానీ గడ్డలా మెత్తగా ఉబ్బిన చోట వేయకండి. నొప్పి తెలియదని పిల్లలు అక్కడే వేయమంటారు, అక్కడ ఇన్సులిన్ సరిగా పీల్చుకోదు.

నిల్వ: తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు అరలో. పైన మంచు గదిలో వద్దు, ఒక్కసారి గడ్డకడితే కరిగాక బాగున్నట్టే కనిపిస్తుంది, పని చేయదు. వాడుతున్నది 25 నుంచి 30 డిగ్రీల్లోపు 28 రోజులు. మే నెలలో మన ఇళ్ళలో వేడి అంతకు మించి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచడమో, కరెంటు పోయే ఊళ్ళలో కుండలో కుండ పెట్టి మధ్య ఇసుక తడిపి ఉంచడమో చేయాలి. గ్లార్జిన్, ప్లెయిన్ రెండూ నీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా ఉంటే పారేయండి. కారణం తెలియకుండా రెండు పూటలు షుగరు 300 దాటితే లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా కొత్త సీసా తెరవండి.

ఈ పోస్టు చదివేవాళ్ళలో మిక్స్‌టర్డ్ 30/70 వాడే పిల్లలుంటే ఒక మాట. కీటోన్లకు వేసే అదనపు డోసు ఆ మిశ్రమంతో వేయకూడదు, దాంట్లో నిదానంగా పనిచేసే భాగమే ఎక్కువ. విడిగా ఒక ప్లెయిన్ వయల్ ఇంట్లో ఉండాల్సిందే.

చిన్నితల్లి_కాకినాడ

చాలా కృతజ్ఞతలండీ. ఇంకో రెండు సందేహాలు. ఆమ్లం కదా, వంటసోడా నీళ్ళో ఆల్కలైన్ వాటరో ఇస్తే విరుగుతుందని బంధువులు పంపిన వీడియోలో ఉంది. ఇంకా, నీరసంగా ఉంటే మా వీధి ఆర్‌ఎంపీ గారు సెలైన్ పెడతారు. అర్ధరాత్రి అయితే ముందు అక్కడ పెట్టించుకుని పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చా?

క్యాజువాలిటీ_డాక్టర్

రెండూ వద్దమ్మా.

వంటసోడా ఇప్పటికే తయారైన ఆమ్లంలో కొంత విరిచినా, కాలేయం గంటగంటకూ కొత్తది తయారుచేస్తూనే ఉంటుంది. తయారీని ఆపేది ఇన్సులిన్ ఒక్కటే. ఇన్సులిన్ అందితే ఉన్న కీటోన్లను శరీరమే తిరిగి బైకార్బనేట్‌గా మార్చుకుంటుంది. డీకేఏ పిల్లలకు ఆసుపత్రిలో కూడా బైకార్బనేట్ (వంటసోడాలో ఉండేది అదే) మామూలుగా ఇవ్వరు. పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, మెదడులో వాపు ముప్పు పెరుగుతుంది. వాంతులవుతున్న పిల్లకు సోడా నీళ్ళు పడితే కడుపుబ్బి వాంతులు ఎక్కువవుతాయి, అసలు తాగాల్సిన నీళ్ళు పోతాయి. ఆల్కలైన్ వాటర్ కడుపులోని ఆమ్లం దాటి రక్తం పీహెచ్‌ని మార్చదు. డబ్బు ఆదా చేసి ఆ డబ్బుతో కీటోన్ స్ట్రిప్పులు కొనండి.

సెలైన్ సంగతి. నీరసానికని పెట్టే సీసాల్లో చాలావరకు గ్లూకోజు ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ 5 అన్నా, డీఎన్‌ఎస్ అన్నా వంద మిల్లీలీటర్లకు 5 గ్రాముల గ్లూకోజు. షుగరు 400 ఉన్న పిల్లకు ఇన్సులిన్ లేకుండా అది ఎక్కిస్తే ఇంకా పెరుగుతుంది, మూత్రం ఇంకా పోతుంది, ఒళ్ళు ఇంకా ఎండుతుంది. డీకేఏలో మొదట ఎక్కించేది గ్లూకోజు లేని నార్మల్ సెలైన్, 0.9 శాతంది. అదీ కిలోకి 10 నుంచి 20 మిల్లీలీటర్లని లెక్కకట్టి. ఆ ద్రవం మొదలైన గంటకు ఇన్సులిన్ డ్రిప్, గంటకు కిలోకి 0.05 నుంచి 0.1 యూనిట్. పొటాషియం చూసుకుంటూ అదీ కలుపుతారు. షుగరు 250, 300 దగ్గరికి దిగాక అప్పుడు గ్లూకోజు కలుపుతారు, ఎందుకంటే ఆమ్లం పోయేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. ఇవన్నీ గంటగంటకూ షుగరు, కొన్ని గంటలకోసారి రక్తపరీక్ష చూస్తూ చేసేవి. మెదడు వాపు అరుదే, నూరింట ఒకరికి అటూ ఇటూ, కానీ డీకేఏలో పిల్లలు చనిపోతే ఎక్కువగా దానివల్లే. అందుకే పిల్లల ఐసీయూ ఉన్నచోటికే నేరుగా వెళ్ళాలి. మీ ఊళ్ళో అలాంటిది ఎక్కడుందో, రాత్రి ఏ గేటు తెరిచి ఉంటుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి.

వెళ్ళగానే మొదటి మాటగా "టైప్ 1 షుగరు, కీటోన్లు ఇంత" అని చెప్పండి. కడుపునొప్పి, వాంతులు అని మొదలుపెడితే ఫుడ్ పాయిజనింగో అపెండిక్సో అనుకుని వరసలో కూర్చోబెడతారు. ఆయాసం అని చెబితే నెబ్యులైజర్ దగ్గరికి పంపుతారు. దారిలో గ్లార్జిన్ టైము దాటిపోతే ఎప్పుడు వేయాలో అక్కడి డాక్టరును అడగండి, మానేయకండి.

రాజమండ్రి_వాసి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి 64, టైప్ 2. డాపాగ్లిఫ్లోజిన్ 10, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ప్రతి ఏకాదశికి ఉపవాసం. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. టైప్ 2లో ఈ ఆమ్లం బెడద ఉండదు కదా?

క్యాజువాలిటీ_డాక్టర్

ఆ మాత్ర వల్ల ఉంటుందండీ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ మూత్రంలోంచి గ్లూకోజును బయటికి పంపుతాయి. ఉపవాసం ఉన్నా, వాంతులైనా, ఆపరేషన్ ముందు పస్తు ఉన్నా శరీరం కొవ్వు మీదికి మళ్ళి కీటోన్లు పేరుకుంటాయి. గ్లూకోజు మూత్రంలో పోతూ ఉంటుంది గనక షుగరు 180, 200 మాత్రమే ఉంటుంది. మీటరు చూసి అంతా బాగుందనుకుని ఆలస్యం చేస్తారు. ఈ మాత్ర మీద ఉన్నవాళ్ళకు నీరసం, వాంతి, ఆయాసం ఉంటే షుగరు ఎంతైనా సరే రక్తంలో కీటోన్ చూడాలి.

ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. మత్తు డాక్టరుకు ఈ మాత్ర పేరు పెట్టి చెప్పండి, "షుగరు మాత్ర" అంటే చాలదు. ఆపరేషన్ తర్వాత మామూలుగా తిండి తినడం మొదలయ్యాకే మళ్ళీ మొదలుపెట్టాలి. వాంతులు, విరేచనాల రోజుల్లో ఇదీ మెట్‌ఫార్మిన్ కూడా ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఒళ్ళు ఎండి కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ వల్ల లాక్టిక్ ఆమ్లం పేరుకోవచ్చు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) 30 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు. ఏకాదశికి పూర్తి పస్తు ఉండేట్టయితే డాపా ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే రాయించుకోండి. ఇన్సులిన్ కూడా వాడేవాళ్ళు మాత్రం దాన్ని సొంతంగా ఆపకూడదు, ఇది పైన సిస్టర్ గారు చెప్పిందే.

పిల్లలవార్డు_సిస్టర్

చిన్నితల్లి గారూ, ఒకటి మర్చిపోయాను. రాత్రిపూట పాప నిద్రపోతోంది కదా అని లేపకుండా వదిలేయకండి. నిద్రో మత్తో లేపితేనే తెలుస్తుంది. మూడు గంటలకోసారి షుగరు చూసేటప్పుడే పేరు పెట్టి పిలిచి, రెండు మాటలు మాట్లాడించి, నాలుగు చెంచాలు తాగించండి. చొక్కా పైకి తీసి పొట్ట కదలికను పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, లెక్క తప్పుతుంది. జ్వరం తగ్గి పడుకున్నప్పుడు కూడా నిమిషానికి 30 దాటి, ప్రతి ఊపిరీ బరువుగా లోతుగా ఉంటే స్ట్రిప్పు ఏం చూపించినా బయల్దేరండి.